విజయవాడ రోడ్డున దిగిన జట్లు

నేను ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆడేదాన్నని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. ముందు నా మోకాళ్లే నమ్మవు. ఆడటమే కాదు, కాలేజీ జట్టుకు కెప్టెన్ని కూడా. నన్ను కెప్టెన్ని చేసింది ఆట చూసి కాదనీ, నోరు చూసి చేశారనీ మా అన్న అనేవాడు. నిజమే అయ్యుండొచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి వాకిట్లో నా గొంతు లేస్తే రోడ్డవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూసేవాళ్లు. ఆ నోటివల్ల ఒకసారి నా స్నేహితురాలి చదువు మధ్యలో తెగిపోయేంత పనైంది. అది చెప్పాలనే మొదలుపెట్టాను గానీ నా కప్పుల గురించి చెప్పడానికి కాదు. మేము కప్పులేమీ గెలవలేదు కూడా.

అరవైతొమ్మిది తెలంగాణ గొడవలు సద్దుమణిగి, కాలేజీలు మళ్లీ తెరిచిన తర్వాతి చలికాలం అది. ఒక ఏడాది చదువు ఊరికే పోయింది. పాత క్లాసులో, పాత బెంచీల మీద, పాత పుస్తకాలే పట్టుకుని మళ్లీ కూర్చున్నాం. గోడల మీద నినాదాలు ఇంకా చెరగలేదు. మా దిల్‌సుఖ్‌నగర్ అప్పుడు ఊరి చివర. ఇటు గడ్డిఅన్నారం, అటు పొలాలూ, ద్రాక్ష తోటలూ. ఎల్బీ నగర్ అన్న పేరు కొత్తగా వినబడేది, అక్కడ చూడటానికి మాత్రం ఇళ్లకంటే తోటలే ఎక్కువ.

మా నాన్న బస్సు డ్రైవర్. ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉండేవాడు కాబట్టి ఇల్లంతా అమ్మ రాజ్యం. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, చర్చి వెనక వీధిలో రెండు భాగాల ఇల్లు కట్టుకున్నాం. వెనక భాగంలో మేము, ముందు భాగంలో కిరాయికి గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం. ఆయన ప్రభుత్వ కచేరీలో గుమాస్తా. వాళ్లమ్మాయి నా క్లాసే, నా జట్టే. వాళ్లొచ్చి నాలుగేళ్లయింది. నాలుగేళ్లలో మేమిద్దరం మాట్లాడుకోని రోజంటూ ఉంటే అది పోట్లాడుకున్న రోజే.

రాష్ట్రంలోని ఆడపిల్లల కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీలు అంతకుముందు ముక్కలు ముక్కలుగా జరిగేవి. కొన్ని ఆటలు ఒక ఊళ్లో, కొన్ని ఇంకో ఊళ్లో, చివరికి మిగిలిన నాలుగు జట్లూ ఎక్కడో ఒకచోట. ఆ ఏడు అలా కుదరదన్నారు. ఎప్పుడు ఏ బంద్ పిలుపు వస్తుందో, ఏ రైలు ఎక్కడ ఆగుతుందో తెలియని రోజులు. ఆడపిల్లల్ని నాలుగు ఊళ్లు తిప్పే బదులు అందర్నీ ఒక్క ఊళ్లో దింపి, ఒక్క వారంలో ఆడించి పంపేద్దామని తేల్చారు. ఏ ఊళ్లో అనేసరికి అందరూ నేల చూపులు చూశారట. మా ప్రిన్సిపాల్ ఒక్కావిడే చెయ్యెత్తింది. చెయ్యెత్తింది ఆవిడే గానీ, పని మా పీటీ మేడం నెత్తిన పడింది. అక్కణ్నుంచి నా నెత్తిన పడటానికి ఒక్క పూట కూడా పట్టలేదు.

మేడం తిన్నగా మా ఇంటికే వచ్చింది. వచ్చే జట్లలో సగం విజయవాడ రోడ్డు మీద బస్సుల్లో వచ్చేవే. ఊళ్లోకి పోకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో దింపేసుకుంటే మంచిదనీ, మా చర్చి బడిలో మట్టి కోర్టు ఒకటి ఉంది కదా, మూడో కోర్టుగా అదీ పనికొస్తుందనీ ఆవిడ ఆలోచన. కాలేజీలో ఉన్న రెండు కోర్టులూ ఇన్ని జట్లకు చాలవు. పిల్లలు ఎక్కడ పడుకోవాలి, ఎవరు వండి పెట్టాలి అన్నదే మిగిలింది. మేడం ఆ మాట అడగడానికి మొహమాటపడుతూ చాయ్ గ్లాసు తిప్పుతుంటే అమ్మే అంది.

"చర్చి హాల్ల పండుకుంటరు. వండుడు మేం చూసుకుంటం. ఎంతమంది ఒస్తరో గది చెప్పు మేడం, బియ్యం నానబోస్త."

"అందరూ మన దిక్కోళ్లే కాదమ్మా. గుంటూరు, బెజవాడ పిల్లలు కూడా వస్తారు. బయట పరిస్థితి చూస్తే..." అని మేడం నసిగింది.

"ఆళ్లు ఆడనీకె ఒస్తున్నరు, లడాయికి కాదు గద," అంది అమ్మ. ఆ మాటతో ఆ విషయం అక్కడికి ముగిసింది.

ముగియనిది ఇంకోటి ఉంది. ముందు భాగంలో ఉన్న గుమాస్తాగారికి గుంటూరు బదిలీ అయింది. అయింది అనడం కంటే, ఆయనే అడిగి చేయించుకున్నాడనాలి. గొడవలప్పుడు వాళ్ల మీద ఎవరూ చెయ్యి వేయలేదు, కానీ వీధిలో నడుస్తుంటే వెనక నుంచి మాటలు పడేవి. ఆయన కచేరీకి పోయి రావడం తప్ప ఏడాదిన్నరగా గడప దాటడం మానేశాడు. వాళ్లావిడకు అంతకంటే ఎక్కువ భయం. కూరగాయల బండి దగ్గర ఎవరో యాస వెక్కిరిస్తారు, కూతురు నోరు తెరుస్తుంది, ఆవిడ చెయ్యి పట్టి గుంజి "ఊరుకోవే" అంటుంది. బస్సులో ఊరుకోవే. నల్లా దగ్గర ఊరుకోవే. రోజుకు పదిసార్లు ఆ మాట గోడ ఇవతల ఉన్న మాకు వినబడేది. ఎదురు చెప్పకుండా ఉండటం ఆ పిల్లకు చచ్చేంత కష్టం, అయినా ఊరుకునేది.

నెలాఖరుకు ఆయన గుంటూరులో చేరాలి. పరీక్షలకు ఇంకా నాలుగు నెలలుంది. మధ్యలో వెళ్లిపోతే అక్కడి కాలేజీలో ఈ చదువు చెల్లదు, ఇప్పటికే పోయిన ఏడాదికి తోడు ఇంకో ఏడాది పోతుంది. అంత ఆలస్యమైతే ఇక చదువే వద్దని ఇంట్లో అనుకుంటున్నారు. ఆ పిల్ల ఏడ్చి, అన్నం మానేసి, చివరికి తండ్రి దగ్గర ఒక్క మాట రాబట్టుకుంది. పోటీలు అయ్యాక రాష్ట్ర జట్టును ఎంచుతారు. ఎంపికైన వాళ్లను పరీక్షల దాకా ఇక్కడే ఉంచి, తిండీ వసతీ ఇచ్చి నేర్పిస్తారు. అందులో పేరుంటే ఉండనిస్తాను, లేకపోతే నోరెత్తకుండా మాతో రావాలి అన్నాడాయన.

"వస్తుందే పేరు. ఎందుకు రాదు, చూస్తా," అన్నాను నేను, జాబితా నా చేతిలో ఉన్నట్టు.

"నువ్వు నాకు బంతి ఇవ్వవే తల్లీ, చాలు. నువ్వే వేసేద్దామని చూడకు," అంది. తప్పు నాది కాబట్టి ఆ పూట కోపం రాలేదు.

ఇక మా అన్న సంగతి. ఉద్యమంలో తిరిగి తొమ్మిది రోజులు జైల్లో ఉండొచ్చాడు. ఉద్యోగాలు మనవి మనకు రావాలె అన్నదాంట్లో వాడికి ఏ అనుమానమూ లేదు, నాకూ లేదు. బడి గోడ మీద నల్ల రంగుతో నిలువెత్తు అక్షరాల్లో 'గో బ్యాక్' అని రాసింది వాడే. ఆ గోడ సరిగ్గా కోర్టు పక్కనే ఉంది.

"ఇంటికొచ్చినోళ్ల కండ్లకు ఎదురుంగ గా మాట ఉండొద్దు. సున్నం కొట్టు," అంది అమ్మ.

"దానికోసం జైలుకు పోయిన. నా చేత్తోని నేను కొట్ట," అన్నాడు.

స్కోరు బోర్డు ఎక్కడ పెట్టాలా అని మేడం వెతుకుతుంటే అమ్మ ఆ గోడే చూపించింది. బడిలోని పెద్ద బ్లాక్‌బోర్డు తెచ్చి వేలాడదీస్తే 'గో' పూర్తిగా పోయింది, 'బ్యాక్' సగం మిగిలింది. మిగిలిన సగం మీద మేకులు కొట్టి, ఆటగత్తెల బట్టలు ఆరేసుకోవడానికి తాడు కట్టించింది. అంకెలు రాసే పని అన్నకే అప్పజెప్పింది. "నీ గోడే గద, నువ్వే కావలి ఉండు," అంది. వారం రోజులు వాడు చాక్‌పీసు పట్టుకుని ఆ గోడ దగ్గరే నిలబడ్డాడు, మొదటి రోజు మూతి ముడుచుకుని, రెండో రోజు నుంచి నవ్వుకుంటూ.

అంతకంటే తమాషా ఒకటి జరిగింది. గుంటూరు జట్టు బస్సు చీకటి పడుతున్నా రాలేదు. మేడం ఒకటే పరేషాన్. ఎవరైనా ఎదురుపోయి చూసి రావాలంది. సైకిల్ ఉన్నది మా అన్నకే. గొణుక్కుంటూ హయత్‌నగర్ దాకా తొక్కి, అక్కడ టైరు పంక్చరై ఆగిన బస్సును పట్టుకుని, డ్రైవర్‌కు తనే చెయ్యందించి టైరు మార్పించాడు. బస్సు మా వీధి మొదట్లో ఆగేసరికి వాడు డ్రైవర్ పక్కన కూర్చుని, సైకిల్ పైన కట్టించుకుని, మసి పట్టిన చేతులతో దిగాడు. వెనక నుంచి పన్నెండుమంది గుంటూరు పిల్లలు "థాంక్సండీ, థాంక్సండీ" అంటూ దిగారు. ఆ 'అండీ' వాడికి రెండు రోజులు దిగలేదు.

కోర్టుకు గీతలు గీయడం ఇంకో కథ. సున్నంతో గీయండని మేడం మా వీధి ఆడవాళ్లకు కొలతలు చెప్పి వెళ్లింది. సున్నం కండ్లల్ల పడుతది, పిల్లలు పడితే ఒళ్లు మండుతదని వాళ్లు బియ్యప్పిండితో గీశారు. గీతలు తాడు పట్టినట్టు తిన్నగా వచ్చాయి. ఊరుకుంటే బాగుండేది. మధ్య గుండ్రం ఉత్తగా బోడిగా ఉందని అందులో ఎనిమిది రేకుల తామర వేశారు, నాలుగు మూలలా నాలుగు తీగలు అల్లారు. తెల్లారి ఆట ఆడించడానికి వచ్చిన రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఆ తామర చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"దీన్ని తొక్కమంటారా?" అని అడిగాడు పాపం.

ఆయన అలా ఆలోచిస్తూ ఉండగానే అటు చివర ఫౌలు గీతను మూడు కోళ్లు కలిసి సగం తినేశాయి. అమ్మ కొంగు దోపుకుని వాటిని తరిమింది, ఆడవాళ్లు మళ్లీ పిండి తెచ్చారు. ఆ రోజు నుంచి ప్రతి ఆటకు ముందూ కోళ్లను గంపల కింద మూయడం మా ఏర్పాట్లలో ఒక ఏర్పాటైంది. మేడం రాసుకున్న పనుల పట్టీలో అది కూడా చేరింది, నేను చూశాను.

ఆ వారం మా వీధి తిరునాళ్లలాగా ఉంది. ఒక జట్టు ఎల్బీ నగర్ వైపు పరుగుకు పోతే, ద్రాక్ష తోట మాలి దొంగలనుకుని కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. తమకంటే వేగంగా పరిగెత్తాడని వాళ్లే చెప్పుకుని నవ్వారు. ఇంకో జట్టు ఆటకు ముందు కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కి వస్తామని పోయి, తోవ తప్పి, ఆట మొదలయ్యే వేళకు చెమటలు కారుతూ వచ్చింది. చర్చి హాల్లో ప్రార్థన చేసుకుని పడుకునేవాళ్లు కొందరు, బొట్టు కాటుక చెరగకుండా పడుకునేవాళ్లు కొందరు. అమ్మ అందరినీ ఒకేలా "బువ్వ తిన్నరా బిడ్డా" అని అడిగేది. బెజవాడ పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని కిసుక్కుమనేవాళ్లు. వాళ్ల దగ్గర బువ్వ అంటే చంటిపిల్లలకు పెట్టేదట. రెండో రోజుకల్లా వాళ్లే కంచాలు పట్టుకుని "బువ్వ పెట్టండి ఆంటీ" అంటూ వరసలో నిలబడ్డారు.

మేము రెండు ఆటలు గెలిచాం. నిజం చెప్పాలంటే మా ఇంటి గుంటూరు పిల్ల గెలిపించింది. ఎడం పక్క నుంచి బంతి కొడుతూ పోయి, ఎగిరి, చేతిని అలా వదిలేసేది. బంతి రింగును తాకకుండా పడేది. జాబితా రాసే ఇద్దరు పెద్దవాళ్లు కుర్చీల్లో ముందుకు జరిగి చూడటం నేను గమనించాను. ఆ రాత్రి పడుకోబోయే ముందు గోడ ఇవతల నుంచి రెండుసార్లు తట్టాను. అవతల నుంచి తనూ రెండుసార్లు తట్టింది. మాకు మాటలు అక్కర్లేదు.

సెమీఫైనల్ కాలేజీ కోర్టులో జరగాలి. ఆ రోజు అటువైపు ఏదో ఊరేగింపు ఉందని, ఆటను మా మట్టి కోర్టుకు మార్చారు. ఎదుటి జట్టు బెజవాడది. అందరూ తాటిచెట్లంత పొడుగు. నాలుగు రోజులుగా మా అమ్మ వండింది తిని, మమ్మల్నే ఓడించడానికి వచ్చి నిలబడ్డారు. విషయం తెలిసి గడ్డిఅన్నారం నుంచి కూడా జనం నడిచి వచ్చారు. తలపాగాల వాళ్లు, సైకిళ్ల వాళ్లు, చంకన పిల్లల్ని వేసుకున్న ఆడవాళ్లు, బడి గోడ మీద కాళ్లు వేలాడేసుకున్న మా అన్న స్నేహితులు. వాళ్లలో చాలామందికి ఆట తెలియదు. బంతి బుట్టలో పడితే గెలుపు అన్నంత వరకే తెలుసు, అరవడానికి అది చాలు.

సగం ఆట అయ్యాక నీళ్లు తాగుతూ చూశాను. జనం వెనక టిఫిన్ డబ్బా సంచీతో గుమాస్తాగారు నిలబడి ఉన్నారు. బస్సు దిగి ఇంటికి పోకుండా ఇటు వచ్చినట్టున్నారు. ఆయన్ను అంతమంది మధ్య చూడటం అదే మొదటిసారి. ఆ పిల్లకు చెప్పలేదు, కంగారు పడుతుందని.

ఆట ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా మేము ఒక్క పాయింటు ముందున్నాం. వాళ్లు విసిరిన బంతి రింగుకు తగిలి వెనక్కి వచ్చింది. నేను ఎగిరి అందుకుని దూరంగా విసిరాను. గుంటూరు పిల్ల చేతిలో పడింది. ముందు ఒక్క మనిషి లేదు. ఖాళీ కోర్టు, రింగు, అంతే. పోయి వేసి రావడమే.

మేడం మాకు ఆటలో ఇంగ్లీషు మాటలే నేర్పింది. రన్, పాస్, షూట్. రెండేళ్లుగా నేను అవే అరిచాను. ఆ క్షణంలో ఇంగ్లీషు ఎటు పోయిందో, మా అమ్మ భాష బయటికొచ్చింది.

"ఉర్కవే! ఉర్కవే!"

ఆ పిల్ల టక్కున ఆగిపోయింది. ఆగి, బంతిని రెండు చేతులా గుండెకు అదుముకుని, నా వైపు తిరిగి, ఎందుకు అన్నట్టు చూసింది. అలా పట్టుకున్నాక ఇక బంతి కొడుతూ పోవడానికి లేదు. నాకు ఒళ్లు మండిపోయి ఇంకా గట్టిగా అరిచాను. జనమంతా అందుకున్నారు. ఉర్కు బిడ్డా, ఉర్కు, ఉర్కు. ఎంత అరిస్తే అంత బిగించి పట్టుకుంది. ఇద్దరు పొడుగు పిల్లలు వచ్చి బంతి మీద చేతులేశారు. రిఫరీ విజిల్ వేసి బంతిని పైకి ఎగరేశాడు, ఆ ఎత్తుకు మేమెక్కడ అందుతాం. వాళ్లు అందుకున్నారు, వేశారు, ఆట అయిపోయింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

నేను పోయి దాని రెక్క పట్టుకున్నాను.

"ఎందుకాగినవే? పిచ్చా నీకు?"

"నువ్వేగా ఊరుకోమన్నావు."

"నేనెప్పుడన్న?"

"నాలుగుసార్లన్నావు. ఊరుకోవే, ఊరుకోవే అని. అందరూ అన్నారు. నేనేదో ఫౌల్ చేశాననుకున్నా."

ముందు మేడంకు అర్థమైంది. నడుము మీద చేతులు పెట్టుకుని, మట్టిలోనే కూర్చుండిపోయి నవ్వింది. బెజవాడ కెప్టెన్‌కు ఎవరో చెప్పారు, ఆ పిల్లా నవ్వింది. గోడ దగ్గర చాక్‌పీసు పట్టుకుని మా అన్న వంగిపోయి నవ్వుతున్నాడు. ఉర్కు అంటే పరిగెత్తు, ఊరుకో అంటే ఇక చాలించు, ఆగు. నాలుగేళ్లు మా వాకిట్లో ఉన్న పిల్లకు ఉర్కుడు తెలియదా అని మీరడగొచ్చు. తెలుసు. నాతో పందెం కట్టి ఎన్నిసార్లు ఉరికిందో. కానీ ఏడాదిన్నరగా రోజుకు పదిసార్లు విన్న మాట ఏది? గట్టిగా, భయంతో, వెనక నుంచి వచ్చే మాట ఏది? చెవి దాన్నే పట్టుకుంది, కాళ్లు దానికే ఆగాయి.

తనూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద తల పెట్టి, "పోయింది కదే," అంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. అంత సిగ్గుపడటం నాకు అలవాటు లేదు.

ఫైనల్ అయ్యాక కాలేజీలో జాబితా చదివారు. బెజవాడ కెప్టెన్ పేరుంది. నా పేరు లేదు, ఉంటుందని నేననుకోలేదు. దాని పేరు కూడా లేదు. పన్నెండో పేరు చదివి కాగితం మడిచేశారు. బస్సులో ఇంటికొచ్చే దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు, పోట్లాడుకోనూ లేదు.

సాయంత్రం నేను వాళ్ల భాగంలోకి పోయాను. సగం సామాను అప్పటికే గోనెసంచుల్లో ఉంది. గుమాస్తాగారు పుస్తకాలకు పురికొస కడుతున్నారు.

"సార్, తప్పు నాది. నేను సక్కగ రన్ అంటే అది గెలిపించేది. పేరు కూడా ఒచ్చేది. నా నోటివల్లనే పోయింది. దాన్ని తీస్కపోకుండ్రి," అన్నాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను.

ఆయన పురికొస వదిలేసి నా వైపు తిరిగారు.

"నేనక్కడే ఉన్నానమ్మా," అన్నారు. "నా పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు. తలపాగా, చేతిలో కర్ర. నేనెవరో తెలియదు ఆయనకి. అమ్మాయి ఆగిపోగానే నా భుజం పట్టుకుని ఊపేశాడు. మన పిల్ల ఆగిందేందయ్యా అన్నాడు. మన పిల్ల అన్నాడు."

మళ్లీ పురికొస చేతిలోకి తీసుకుని అన్నారు. "ఊరుకో ఊరుకో అని దాన్ని కాళ్లు పడిపోయేదాకా మేమే భయపెట్టాం. తప్పు నీది కాదు. పరీక్షలయ్యే దాకా మీ అమ్మగారు ఉంచుకుంటారేమో కనుక్కుంటావా?"

కనుక్కునే పని లేకపోయింది. గోడ అవతల నుంచి మా అమ్మ గొంతు వచ్చింది. "అడుగుడేంది సారూ. మంచం నిన్ననే ఏసిన."

కానీ కాలేజీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు ఊళ్లో లేని పిల్లకు సంరక్షకులెవరో ఒక కాగితం రాసివ్వాలి. రెండు రోజుల తర్వాత గుమాస్తాగారూ, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని మా అమ్మా, మేమిద్దరమూ ఆఫీసు గదిలో నిలబడ్డాం. అక్కడి గుమాస్తా కాగితం చూసి, రక్తసంబంధీకులే ఉండాలి, కిరాయికిచ్చిన ఇంటివాళ్లూ పక్కింటివాళ్లూ పనికిరారు అన్నాడు.

గుమాస్తాగారు పాతికేళ్లు ఫైళ్ల మధ్య బతికిన మనిషి. దరఖాస్తులో పుట్టినతేదీ ఒక్క అంకె తేడా ఉన్నా తిప్పి పంపే రకమని ఆయనే గొప్పగా చెప్పుకునేవారు. ఆ కాగితం అడుగున, తప్పుడు వివరాలు రాయడం నేరమని అచ్చు వేసి ఉంది. ఆయన దాన్ని చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. జేబులోంచి పెన్ను తీసి, సంరక్షకురాలి పేరు దగ్గర మా అమ్మ పేరు పొట్టి అక్షరాల్లో పొందిగ్గా రాసి, బంధుత్వం అన్న చోట 'మేనత్త' అని రాశారు.

ఆఫీసు గుమాస్తా ఆ కాగితం తీసుకున్నాడు. మా అమ్మది బైబిల్లోని పేరు. పక్కన ఆయన ఇంటిపేరుకు పల్నాటి ఊరి వాసన. ఒకసారి పేర్లు చూశాడు, ఒకసారి మనుషుల్ని చూశాడు. ఏమనుకున్నాడో, ముద్ర వేసి ఇచ్చేశాడు.

"ఆ లెక్కన మీ అన్నయ్య నాకు బావవుతాడే," అని ఆ పిల్ల నా చెవిలో అంది. నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తాను. బయట సైకిల్ పట్టుకుని నిలబడ్డ మా అన్న, ఏమైందే అని అడిగాడు. చెప్పలేదు.

అమ్మకు ఆ కాగితంలో ఏం రాశారో తెలియదు. మెట్ల మీద నేను చదివి వినిపించాను. వింటూ ఆగిపోయింది. నాలుగేళ్లుగా ఆవిడ ఆయన్ను సారూ అనే పిలిచింది, ఆయన అమ్మగారూ అనే పిలిచారు. ఆయన ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా రెండు మెట్లు కింద నిలబడి, గుంటూరు బస్సుకు వేళవుతోందని ఎవరితో అని లేకుండా అంటున్నారు.

"బస్సు మల్లొస్తది," అంది అమ్మ. "ఇంటికి నడువు తమ్మీ. తిన్నంక పోదువు."

ఆయన తల వంచుకుని, నా చేతిలో కాగితం తీసుకుని జేబులో పెట్టుకుని, అమ్మ వెనకే నడిచారు.